మజ్జిగ వడ్డన

మా ఆశ్రమానికి పెద్ద అయిన విశ్వంభర స్వామివారికి ఒకరి మీద ఒకరు చెప్పే చాడీలు గిట్టవు. ఆ సంగతి తెలిసీ వంటశాలలో వడ్డన చూసే సూరప్ప వెళ్లి అడిగాడు: "స్వామీ, మన సాధకుల్లో ఆ పరదేశయ్య అయినదానికీ కానిదానికీ కస్సుమంటున్నాడు. జపంలో కూర్చుంటే కునుకుతాడు. పంపించేద్దామా?"

స్వామివారు తలెత్తకుండానే మొదలుపెట్టారు.

"నీ వయసులో ఇక్కడ వడ్డన నాది. పంక్తిలో ఎవరి విస్తరి వారే చూసుకోవాలని మా నియమం. కోటిలింగమని ఒక పెద్దాయన ఉండేవాడు, వెన్నలాంటి మనిషి. రుచిని జయిస్తానని పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ మానేశాడు. నేను మజ్జిగ తెస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆహా, ఏం వైరాగ్యమని పదిమందికీ చెప్పుకున్నాను. నాలుగేళ్లు తిరిగేసరికి మనిషి మారిపోయాడు. ఊరికే విసుగు, ఊరికే కన్నీళ్లు. నడుస్తూ తూలేవాడు. 'కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి నాయనా' అన్నాడొకరోజు. 'మనసు నిలవనివాడికి కాళ్లేం నిలుస్తాయి' అన్నాను. అందరూ నవ్వారు. మా గురువుగారికి చెప్పి ఆయన్ను పంపించిందీ నేనే.

"మరుసటేడు పట్నంలో ఒక ఆసుపత్రి వరండాలో కనిపించాడు, చేతికర్రతో. ముఖంలో పాత నవ్వు తిరిగొచ్చింది. ఒంట్లో బి పన్నెండు విటమిన్ అడుగంటిపోయిందట. మాంసం ముట్టనివాడు పాలూ పెరుగూ కూడా మానేస్తే అది ఎక్కడినుంచి వస్తుందని డాక్టరు కోప్పడ్డాడట. ఆ విసుగూ, ఆ తూలడమూ దానివల్లేనట. సూదులు వేశాక మనసు కుదుటపడింది. కాళ్లకు మాత్రం ఆలస్యమైపోయింది, పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. నన్ను చూసి ఆయనే చేతులు జోడించాడు. 'అప్పట్లో మిమ్మల్నందరినీ కసిరాను, క్షమించు నాయనా' అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగేళ్లు మజ్జిగ గిన్నె పట్టుకుని ఆయన ఎదుట నిలబడ్డవాణ్ణి నేను. ఇప్పటికీ మజ్జిగ చిలికే చప్పుడు వింటే సిగ్గేస్తుంది, సూరప్పా."

"నిన్న పరదేశయ్య ఏం తిన్నాడు?" అడిగారు స్వామివారు.

తన చేత్తోనే వడ్డించాడు గదా, సూరప్పకు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ముఖం ఎర్రబడింది.

"ఇవాళ చూసి రా. పంపించవలసింది ఎవరినో అప్పుడు మాట్లాడుకుందాం."