రాజముద్ర వేసిన కల్లుకుండ

నాలుగు దిక్కులా ఎంత వెదికినా సాటి దొరకని తాటికల్లు ఉన్న ఒకానొక రాజ్యంలో, అంటే మందగిరిలో, ఉద్దండకేసరి అనే రాజు ఉండేవాడు. కల్లు సంగతి ముందు చెప్పి రాజు సంగతి తర్వాత చెప్పానని ఎవరైనా తప్పు పడితే పట్టనివ్వండి. రాజులు ప్రతి రాజ్యంలోనూ ఉంటారు. ఆ కల్లు మాత్రం మందగిరిలోనే ఉండేది.

కోటకు తూర్పున ఎర్రవాగు ఒడ్డున పెద్ద తాటివనం. దాన్ని గీసేవాడు పర్వతాలుగౌడు. తాతల నాటి నుంచి ఆ చెట్లే వాళ్ళ కుటుంబానికి అన్నం పెట్టాయి. అక్కడికొచ్చి తాగేవాళ్ళు కూడా సామాన్యులు కారు. ఏ చెట్టు కల్లో కళ్ళు మూసుకుని చెప్పగల రసికులు. కాయ కాయని పోతుతాడు కల్లు గొప్పదా, కాయలు కాసే పండుతాడు కల్లు గొప్పదా అని పొద్దున్నే వాదించుకుని, ఎటూ తేలక, రెండూ తాగి ఇళ్ళకు పోయేవారు.

ఆ వనంలో ఒక పద్ధతి ఉండేది. ఎంతటివాడైనా నేల మీద గొంతుకూర్చుని, తాటాకు రేకను దొప్పలా మడిచి పట్టుకోవాలి. చెట్టుకు కట్టి దించిన కల్లుకుండను, అంటే లొట్టిని, పర్వతాలు అందులోకి వంచుతాడు. రేకలో పడ్డ కల్లును నురగ చావకముందే తాగెయ్యాలి. కబుర్లన్నీ ఆ తర్వాతే.

ఇక రాజుగారి సంగతి. ఉద్దండకేసరి చెడ్డవాడు కాడు. కాకపోతే ఆయనకు బిరుదుల పిచ్చి. ఏనుగెక్కి వాగు దాటితే 'నదీలంఘన' అనే బిరుదు పుచ్చుకున్నాడు. పళ్ళూడిన ముసలి పులి అడవిలో తనంతట తాను చచ్చిపడి ఉంటే దాని మీద కాలు పెట్టి 'వ్యాఘ్రమర్దన' అనిపించుకున్నాడు. చలిజ్వరం తగ్గినందుకు 'జ్వరవిజయ' అని ఇంకొకటి. ఆయన ఏ పని చేసినా ముందు ఆ బిరుదులన్నీ చదవాలి. చదివేవాడు శరభయ్య అనే వంది. గొంతు మంచిదే, కానీ ప్రతి బిరుదునూ రాగం తీసి మరీ చదివేవాడు. ఒకసారి మధ్యలో ఆవలించిన పాపానికి ఒక పెద్దమనిషి ఏనుగుల కొట్టంలో పేడ ఎత్తాల్సి వచ్చింది. అప్పటి నుంచి బిరుదుల విషయంలో నోరెత్తే సాహసం ఎవరూ చెయ్యలేదు.

రోజూ తెల్లవారగానే పర్వతాలు చెట్టు నుంచి దించిన మేలురకం కల్లు ఒక కుండలో కోటకు వెళ్ళేది. అది రాజుగారి వంతు.

ఒక ఎండాకాలం, ఎండలు రోజురోజుకూ ముదురుతుండగా, రాజుగారు ఆ కల్లు ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, బంగారు గిన్నె విసిరికొట్టాడు.

"ఇది కల్లా, పులిసిన కుడితా? నిన్న కొంత నయం. మొన్న ఇంకొంత నయం. రోజుకో రుచి. మా తాతగారు ఇదే వనం కల్లు తాగి, తేనె కూడా దీని ముందు దిగదుడుపే అనేవారు. ఆ గౌడు ఇందులో ఏదో కలుపుతున్నాడు. పట్టుకు రండి."

పర్వతాలును తెచ్చారు. అతని వెనకే వనంలో తాగేవాళ్ళూ సభకు వచ్చారు. తమ గౌడు మీద మాట పడితే తమ నాలుకల మీద పడినట్టే అనుకునే మనుషులు వాళ్ళు. దుర్గయ్య అనే ముసలి బంటు ముందుకు వచ్చాడు.

"నేను పొద్దుగాల తాగిన దొర. పాల లెక్క కమ్మగుండె."

అతని పక్కనున్న కమ్మరి ఊరుకోలేక అన్నాడు. "నేను కొలిమి పని చేసుకుని పొద్దెక్కినాక పోయిన. కమ్మగ ఏడుంది? ఘాటుగుండె. మంచి ఘాటు."

"విన్నారా?" అన్నాడు రాజు. "ఒకడికి తీపి, ఒకడికి ఘాటు, నాకు పులుపు. ఒకే వనం, ఒకే రోజు, మూడు రుచులు. కల్తీకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రేపు ఉదయం ఆ వనం మొత్తం నరికించండి. వీణ్ణి రాజ్యం పొలిమేర దాటించండి."

పర్వతాలు చేతులు జోడించి నిలబడిపోయాడు. చెట్లు పోతే అతనికి మిగిలేది నడుముకు కట్టుకునే మోకు ఒక్కటే. కమ్మరి తను అన్న మాట తలుచుకుని తల దించుకున్నాడు.

కొలువులో పోలన అని ఒకడుండేవాడు. నవ్వించడం అతని ఉద్యోగం, ఎర్రవాగు వనానికి వెళ్ళడం అతని అలవాటు. పులుపు ఎక్కడి నుంచి వస్తోందో అతనికి అప్పటికే తెలిసిపోయింది. కానీ ఆ మాట సూటిగా చెబితే పేడ ఎత్తే పని తనకు ఖాయమని కూడా తెలుసు. అందుకని మెల్లగా లేచాడు.

"ఏలినవారి తీర్పు న్యాయమైనది. కానీ ప్రభూ, గీత చెట్టును నరికించేవారు దాని కడసారి కల్లు చెట్టు మొదట్లోనే కూర్చుని, నురగ చావకముందే తాగాలట. లేకపోతే చెట్టు ఉసురు తగులుతుందని ఆ వనంలో ఆచారం."

ఇందులో సగం వనం ఆచారం, మిగతా సగం పోలన అప్పటికప్పుడు పుట్టించింది. ఏది ఏ సగమో మీకు నేను చెప్పక్కర్లేదు.

రాజుకు శత్రువులంటే భయం లేదు గానీ ఉసురంటే భయం. "సరే, రేపు నేనే వస్తాను" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే ఏనుగు, గొడుగు, బాకాలు, గొడ్డళ్ళు పట్టిన భటులు, అందరికంటే ముందు శరభయ్య వనానికి వచ్చారు. తాగేవాళ్ళంతా ఒక పక్కన నిలబడ్డారు. పర్వతాలు చెట్టెక్కి లొట్టి దించాడు. అతని కళ్ళు గొడ్డళ్ళ మీదే ఉన్నాయి. కల్లు వంచేటప్పుడు మాత్రం ఒక్క చుక్క కింద పడలేదు.

రాజు ఎలాగో గొంతుకూర్చున్నాడు. రేకలో కల్లు పొంగింది. శరభయ్య గొంతు సవరించుకుని, "శ్రీమన్మహా..." అని ఎత్తుకున్నాడు.

"అయ్యా, నురగ" అన్నాడు పోలన నెమ్మదిగా.

రాజుకు ఉసురు గుర్తొచ్చింది. శరభయ్యను చేత్తో ఆపి, రేక నోటికి పెట్టి, గటగటా తాగేశాడు.

రాజు మీసాల నిండా తెల్లటి నురగ. ఆయన రేక మళ్ళీ పట్టాడు. పర్వతాలు వంచాడు. ఇంకోసారి పట్టాడు. మళ్ళీ వంచాడు. దుర్గయ్య మీసం మెలేసుకున్నాడు. తను ముద్దుగా పెంచిన కోడెదూడ పందెం గెలిచినట్టుంది ముసలాయన వాలకం.

అప్పుడు రాజు లేచాడు. మొహం ఎర్రబడింది.

"అమృతం" అన్నాడు. "ఇలాంటిది నేను పుట్టాక తాగలేదు. అంటే ఏమిటి? మంచిది మీరు చెట్టు కింద తాగి, పాడైనది నాకు పంపుతున్నారన్నమాట. నిన్న వీడి నేరం కల్తీ. ఇప్పుడు రాజద్రోహం."

కథ అడ్డం తిరిగిందని అందరి గుండెలూ జారిపోయాయి. పోలన గుండె కూడా కాస్త జారింది, అతను తర్వాత ఎన్నడూ ఒప్పుకోలేదు గానీ. పైకి మాత్రం తడబడకుండా అన్నాడు.

"చిత్తం. అయితే ద్రోహి ఎవడో ఈ పూటే పట్టుకుందాం. తమరు తాగిన ఈ లొట్టిలో మిగిలిన కల్లే కుండలో పోయించండి. మూతికి గుడ్డ కట్టించి, ముడి మీద లక్క పోసి, తమ ముద్ర తామే వెయ్యండి. తమ భటులే మోస్తారు. తమరు ఏనుగు మీద పక్కనే రండి. సభలో, రోజూ జరిగే మర్యాదలన్నీ జరిగాక, తమ చేత్తోనే ముద్ర విప్పి తాగండి. అప్పుడూ తియ్యగా ఉంటే పర్వతాలు దొంగే. నరికించండి."

రాజుకు ఇది నచ్చింది. ఉంగరం లక్కలో అదిమాడు. కుండ కదిలింది. రాజు కళ్ళు దాని మీది నుంచి మళ్ళలేదు.

కోట గుమ్మంలో బాకాలు ఊదారు. వైద్యుడు కుండ చుట్టూ తిరిగి వాసన చూసి తల పంకించాడు. జ్యోతిష్కుడు వేళ్ళు మడిచి, వర్జ్యం పోయేదాకా ఆగమన్నాడు. ఆగారు. తర్వాత కుండను సభ మధ్య పీట మీద పెట్టారు. ఎండ కిటికీలోంచి సరిగ్గా దాని మీద పడింది. శరభయ్య పొద్దున ఆగిపోయిన చోటు నుంచి కాకుండా మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు.

'వ్యాఘ్రమర్దన' దగ్గర కుండలోంచి బుసబుసమని చప్పుడు వినిపించింది. 'నదీలంఘన' దగ్గర గుడ్డ తడిసి నురగ బయటికి ఉబికింది. రాజు ఆసనంలో అటూ ఇటూ కదిలాడు. తన బిరుదులు ఇంత పొడవని ఆయనకు ఆ రోజే తెలిసింది. 'జ్వరవిజయ' వచ్చేసరికి, "త్వరగా కానియ్యవయ్యా" అని ఆయన గొణగడం ముందు వరసలో వాళ్ళు విన్నారు. శరభయ్య వినలేదు. అతను రాగంలో ఉన్నాడు.

ఎట్టకేలకు అయిపోయింది. రాజు ముద్ర సరిచూసుకుని, తనే విప్పి, గిన్నెలో పోసుకుని తాగాడు. మొహం ముడుచుకుపోయింది.

"పులుపు" అన్నాడు. "ముద్ర నాది. మోసింది నా మనుషులు. కళ్ళార్పకుండా చూసింది నేను. మరి ఇందులో ఏం కలిసింది, పోలనా?"

"దోషి సభలోనే ఉన్నాడు ప్రభూ. అభయమిస్తే చెబుతాను."

"ఇచ్చాను."

"చెట్టు కింద దీని పైన ఒక్క బిరుదూ చదవలేదు. ఇక్కడ అన్నీ చదివాం. అంతే తేడా. దుర్గయ్య తెల్లారగానే తాగాడు, తియ్యగా ఉంది. కమ్మరి పొద్దెక్కాక తాగాడు, ఘాటెక్కింది. ఇద్దరూ నిజమే చెప్పారు. తమరి వంతు వచ్చేసరికి మధ్యాహ్నమవుతోంది. తమరు ఎండలో నిలబెట్టినా మేమంతా భయంతో మారకుండా నిలబడతాం ప్రభూ. మా కల్లుకు ఆ భయం లేదు. తాతగారికి ఉన్నది ఒక్కటే బిరుదు. అందుకే ఆయన తేనె తాగారు."

శరభయ్య ఒక స్తంభం వెనక్కి జరిగాడు.

రాజు కుండ వైపు చూశాడు. శరభయ్య వైపు చూశాడు. తర్వాత అడిగాడు.

"'జ్వరవిజయ' ఒక్కటి తీసేస్తే ఏమైనా నయమవుతుందా?"

"ఒక గుక్క నయమవుతుంది ప్రభూ."

ముందు రాజు మీసాలు కదిలాయి. తర్వాత భుజాలు. ఆ తర్వాత ఆయన పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు ఏనుగుల కొట్టం దాకా వినిపించిందట. ఆ రోజు నుంచి ఆ కొట్టంలో పేడ ఎత్తేవాళ్ళలో పెద్దమనుషులెవరూ లేరు.

రాజు పోలనకు తన భుజం మీది పట్టుశాలువా తీసి కప్పాడు. గొడ్డళ్ళు వెనక్కి పంపాడు. ఎర్రవాగు వనం పర్వతాలుగౌడు వంశానిదేననీ, దాని మీద ఏ రాజూ చెయ్యి వెయ్యకూడదనీ సభలోనే ప్రకటించాడు. పర్వతాలు కళ్ళు తుడుచుకున్నాడు. దుర్గయ్య, కమ్మరి అతనికి చెరో వైపు నిలబడ్డారు, ఆ చెట్లన్నీ తామే నాటినంత గర్వంగా.

మర్నాడు తెల్లవారేసరికి రాజు గొడుగూ ఏనుగూ లేకుండా వనానికి వచ్చి, దుర్గయ్య పక్కన చోటు చూసుకుని గొంతుకూర్చున్నాడు. మొదటి రేక తాగి, మీసం తుడుచుకుని, మనసు నిండి అన్నాడు.

"పర్వతాలూ, వనం ఇచ్చాను గానీ నాకు తనివి తీరలేదు. నిన్ను నిండు సభలో సన్మానిస్తాను. నీకు ఏ బిరుదు కావాలో కోరుకో."

నిన్నటి దాకా రాజు ముందు నోరు విప్పని పర్వతాలు లొట్టి చేత్తో పట్టుకుని, నిండా నురగతో ఉన్న రేక వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు దొర. కల్లు పులుస్తది."