మసేనమ్మ కూర్చున్న ఒడ్డు

కోదండయ్యగారు శిష్యుల ప్రశ్నకు సూటిగా జవాబివ్వరు. ఆ రోజు భావన్న అడిగాడు: "ఆపద ముంచుకొచ్చినప్పుడు కొంత వదులుకుని మిగతాది కాపాడుకోవడం తప్పా, గురువుగారూ?" ఆయన ఇలా చెప్పుకొచ్చారు.

ఒక రాజు యుద్ధంలో తన ఓడలన్నీ పోగొట్టుకున్నాడు. శత్రువు వారం రోజుల దూరంలో ఉన్నాడు. సముద్రానికి అవతలి రాజు యాభై పాత యుద్ధనౌకలు ఇస్తానన్నాడు. బదులుగా ఒక దీవిని తొంభై తొమ్మిదేళ్లు తన సైన్యానికి వదలాలన్నాడు. రాజు ముద్ర వేసేశాడు.

ఆ దీవిలో ఆరువందల బెస్త గడపలు. వాళ్లకు పెద్ద మసేనమ్మ. ఇద్దరు కొడుకులూ రాజుగారి ఓడల్లోనే మునిగిపోయారు. దీవి ఖాళీ చెయ్యాలని మంత్రి వచ్చి చెబితే ఆమె ఏడవలేదు.

"ఓడలు బాగుచెయ్యడానికి మా వడ్రంగులొస్తారు బాబూ. నడపడానికి మా మగాళ్లొస్తారు. దీవి మాత్రం రాదు."

అన్నట్టే చేసింది. వచ్చిన నౌకలకు అడుగుచెక్కలు పురుగు తొలిచేసి ఉన్నాయి. దీవి వాళ్లు రెండు రోజులు నడుం వాల్చకుండా చెక్కలు మార్చి, నీరు చొరకుండా సందుల్లో తారులాంటి కీలు పూసి, తామే తెరచాపలెత్తి వెళ్లారు. పన్నెండు మంది తిరిగి రాలేదు. శత్రువు మాత్రం వెనుదిరిగాడు.

ఆ వారంలోనే అవతలి రాజు సైన్యం దీవిలో దిగింది. ఆడవాళ్లు, ముసలివాళ్లు ఒడ్డున బైఠాయించారు. ముందు మసేనమ్మ. సేనాపతి పత్రం చూపించాడు.

"ఇందులో నా వేలిముద్ర ఏదయ్యా?" అంది.

భటులు ఆమెను ఈడ్చి అవతల పడేశారు. మోచేతులు చెక్కుకుపోయాయి. లేచి వచ్చి అక్కడే కూర్చుంది. మళ్లీ ఈడ్చారు. మళ్లీ వచ్చింది. మూడోసారి ఈడుస్తుండగా, యుద్ధం నుంచి తిరిగొస్తున్న నౌకలు ఒక్కొక్కటే దీవి చుట్టూ లంగరు వేశాయి. వాటిమీద ఉన్నవాళ్లంతా ఆమె మనుషులే. ఎవరూ కేక వెయ్యలేదు. సేనాపతి చాలాసేపు సముద్రం వైపు చూసి, భటుల్ని వెనక్కి పిలిచాడు.

చివరికి ఉత్తరపు ఒడ్డున సైన్యం గుడారాలు వేసుకుంది. వలలారేసుకునే మేలైన ఇసుకంతా పోయింది. ఊరు మాత్రం ఖాళీ కాలేదు. బతికున్నన్నాళ్లూ మసేనమ్మ రోజూ ఆ గుడారాల మధ్యనుంచే నడిచి నీళ్లు తెచ్చుకునేది. ఒక్కనాడూ పక్కకు తప్పుకోలేదు.

భావన్నకు మనసొప్పలేదు. "ఏదేమైనా ఆ ఓడల వల్లే కదండీ రాజ్యం నిలిచింది?"

"నిలిచింది," అన్నారు కోదండయ్యగారు, పై కండువా దులుపుకుని లేస్తూ. "వదులుకోవాలంటే, రాజుగారి కోట కింద కూడా మంచి రేవే ఉండేది, నాయనా."