అట్టపెట్టె లోపలి వైపు

"కుంకుడు కొమ్మా, కాయలు రాల్చూ,
కోకకు నురగా, కొంగుకు మెరుపూ..."

ఆ పైన కాశమ్మకి గుర్తు లేదు. నురగ ఎటు పోయిందో ఏదో ఉండేది ఆ పాటలో. చిన్నప్పుడు వాళ్లమ్మ వాగులో బట్టలు జాడిస్తూ పాడేది.

ఇప్పుడు కాశమ్మకి అరవై దాటాయి. కొండ వారగా ఖాదర్ బాబా నడిపే సత్రంలో దుప్పట్లు ఉతకడం ఆమె సేవ. యాత్రికులు ఒక్క రాత్రి కప్పుకున్నా సరే, ఉతకందే మడత పెట్టదు. ఆ బాబా దగ్గరే పోయినేడు అక్షరాలు దిద్దింది. అప్పట్నుంచీ అగ్గిపెట్టె కనపడినా ఊరుకోదు, చదవాల్సిందే.

ఈమధ్య వేళ్ల కణుపులు వాస్తున్నాయి. కుంకుడుకాయలు కొట్టి, కాచి, పిసికేసరికి ఒకటే సలుపు. ఎవరో యాత్రికుడు సబ్బుపొడి పెట్టె ఒకటి వదిలి వెళ్లాడు. వాడదామంటే భయం, మానదామంటే నొప్పి. ఉతకలేకపోతే బాబా "ఇక కూర్చోమ్మా" అంటారేమో. కూర్చోడానికా తనిక్కడికి వచ్చింది?

పెట్టె పట్టుకుని వెళ్లింది.

"బాబా, దీనిమీద మల్లెల వాసనని రాశారు, పాలలాంటి తెలుపని రాశారు. మొత్తం చదివాను. మంచిదో కాదో మాత్రం తెలియలేదు."

బాబా పొడిని డబ్బాలోకి వంపి, పెట్టెను విప్పి నేలమీద పరిచారు. లోపలి వైపు ఖాళీ. పెన్సిలు ఇచ్చారు.

"వాళ్లు రాయనిది నువ్వు రాయి."

కాశమ్మ ఆ పొడితో వారం రోజులు ఉతికింది. రోజూ నురగ వెంట నడిచింది. అది కాలవ పట్టి తోటకూర మడిలోకి పోయేది. నాలుగోనాటికి ఆకుల అంచులు మాడాయి. ఆరోనాటికి మడిలో కప్ప అరవలేదు. కూడబలుక్కుంటూ రెండూ రాసింది.

"చూశారా బాబా! మా కుంకుడుకాయే నయం!" గెలిచినట్టు వచ్చింది.

"మరి దానికి రాయవా?"

"దానికి పెట్టెక్కడిది?"

"పెట్టె లేకపోతే తప్పించుకుంటుందా?"

కాశమ్మకి నవ్వొచ్చింది. అట్టలో ఖాళీగా ఉన్న సగం చింపి తీసుకుంది. కట్టెలు రెండు మోపులు. నీళ్లు పదకొండు బిందెలు. నా వేళ్లు. అక్కడ పెన్సిలు కాసేపు ఆగింది.

రెండు ముక్కలూ తెచ్చి బాబా ముందు పెట్టింది.

"అదీ ఊరికే రావట్లేదు, ఇదీ ఊరికే రావట్లేదు. అక్కడ చూస్తే నలభై దుప్పట్లున్నాయి. దేనితో ఉతకమంటారో చెప్పండి. నన్ను మాత్రం మానమనకండి."

బాబా లేచి మూట విప్పారు. ఒక దుప్పటి తీసి వెలుతురుకి పట్టి చూశారు. వాసన చూశారు. గట్టిగా దులిపి, ఎండలో దండెం మీద వేశారు.

ఇంకొకటి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఇది మాసిందేమో చూడు, కాశమ్మా."