మారెక్క వెంట్రుకల తాడు

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెప్తా. మధ్యలో కునుకు తీసి, మళ్లీ మొదట్నించి చెప్పమంటే నావల్ల కాదు.

మీ తాతల తాతలు మొలతాడుతో తిరిగే కాలంలో గువ్వలదిన్నె అని ఒక సంత ఊరు. ఆ ఊళ్లో ఒక బందెలదొడ్డి. మేకో, దూడో, ఎద్దో, తప్పిపోయింది ఏది దొరికినా తెచ్చి అందులో తోలేవాళ్లు. దొడ్డికి కాపలా మారెక్క.

మారెక్కకు నా అన్నవాళ్లు లేరు. కరువేడు, ఆ సంతలోనే పసిపిల్లగా తప్పిపోయింది. ఊరి పేరు చెప్పలేని వయసు. అమ్మ వస్తుందని మూడు సంతలు ఎదురుచూసింది. రాలేదు. జుట్టు నెరిసేదాకా ఆ దొడ్డిలోనే ఉండిపోయింది. ఏ జీవం వచ్చినా ముందు నీళ్లు పెట్టేది. వీపు నిమిరేది. "నిన్నెవరో వెతుక్కుంటా ఉంటార్లే" అనేది.

అనడానికేం! వెతుక్కునేవాళ్లకు దొడ్డి సంగతి తెలీదు. దొడ్డికి వాళ్లెవరో తెలీదు. గడ్డి చాలదు. పైగా ఊరిపెద్ద పెట్టిన కట్టడి ఒకటి. మూడు సంతలు దాటినా ఎవరూ రాకపోతే ఆ జీవం కసాయికి పోవాల్సిందే.

ఒకసారి ఒక దూడ వచ్చింది. మారెక్క దండోరా వేయించింది. మంచి చేద్దామనుకుని ఆనవాళ్లన్నీ చెప్పించింది, పిచ్చి తల్లి. నల్లది, నొసట చుక్క, కురచ తోక అని. డప్పు ఆగిందో లేదో ఒకడు రొప్పుతూ వచ్చాడు.

"నాదే అక్కా! నల్లది, నొసట చుక్క, కురచ తోక!"

విన్నది విన్నట్టు అప్పజెప్పి తోలుకుపోయాడు. మర్నాడు సుంకులమ్మ అనే ఆమె ఏడుస్తూ వచ్చింది. దూడ ఆమెది. ఆ దొంగ సచ్చినోడు అప్పటికే ఏ పొలిమేర దాటాడో! మారెక్కకు మూడు రోజులు ముద్ద దిగలేదు.

నాలుగోనాడు లేచి పొడుగాటి తాడు పేనింది. దొడ్డిలో ఉన్న ఒక్కో జీవం ఒంటినుంచి ఒక్కో కుచ్చు వెంట్రుకలు కత్తిరించి తాడుకు ముడేసింది. సంతనాడు రెండు వేపచెట్ల మధ్య కట్టి పక్కన కూర్చుంది. ఈసారి ఆనవాళ్లేవీ బయటపెట్టలేదు. జీవాన్ని పోగొట్టుకున్నవాళ్లు కుచ్చును పోల్చుకోవాలి, కుచ్చులో కనపడని గుర్తు వాళ్లే చెప్పాలి.

ఆ తాడు మీద ఒక తెల్లమేక కుచ్చు ఉంది. ముసలి మేక. పాలు లేవు, పళ్లు లేవు. నాలుగడుగులు వేసి ఆగేది, వెనక్కి తిరిగి చూసేది, మళ్లీ నాలుగడుగులు వేసేది. "ఎవరి కోసమే ఆగుతావు?" అని మారెక్క దాన్నే అడిగేది.

మొదటి సంతనాడు జనం నవ్వారు. "మారెక్క సవరాలు అమ్ముతోందిరోయ్!"

రెండో సంతలో ఇద్దరికి ఎద్దులు దొరికాయి. ఒక అబద్ధాలకోరు మాత్రం మేక కుచ్చు పట్టుకుని నాదేనన్నాడు.

"గుర్తు చెప్పు నాయనా."

"నాలుగు కాళ్లుంటాయి."

"నీకు రెండే ఉన్నాయి. అవి విరక్కముందే పో!"

మూడో సంత వచ్చింది. పొద్దు వాలింది. కసాయి పలుపుతో దొడ్డి దగ్గర నిలబడ్డాడు.

"ఇంక చాలు మారెక్కా. కట్టడి కట్టడే," అన్నాడు ఊరిపెద్ద.

"దాన్నెవరో వెతుక్కుంటా ఉంటారు సామీ. పొద్దు పూర్తిగా కుంకనీ."

అప్పుడు కర్ర చప్పుడు. చాపలల్లే ఓబులేసు. రెండు కళ్లూ లేవు.

"వెంట్రుకల తాడు యాడుంది తల్లీ?"

మారెక్క అతని చెయ్యి పట్టి తాడు మీద పెట్టింది. వేళ్లు ఒక్కో కుచ్చూ తడుముతూ పోయాయి. ఒకచోట ఆగాయి. ఓబులేసు వంగి ఆ కుచ్చును చెంపకు ఆనించుకున్నాడు.

"చుక్కీ..."

"గుర్తు చెప్పన్నా."

"ఎడమ చెవి చీలి ఉంటాది. నేను బావిలో పడబోతే అడ్డం నిలబడింది. పట్టు కోసం చెవి పట్టుకుని చీల్చేసినా, పాపిష్టోణ్ణి. అయినా నన్ను విడిచిపెట్టలా. అది ముందు నడిస్తేనే నాకు దోవ."

మారెక్క పరిగెత్తి దొడ్డి తలుపు తీసింది. మేక నాలుగడుగులు వేసి ఈసారి ఆగలేదు. ఊరిపెద్ద కండువాతో కళ్లు తుడుచుకుని, కసాయిని పొమ్మన్నాడు. ఆ కట్టడి ఆనాటితో సరి.

ఏళ్లు గడిచాయి. ఒక సంతనాడు పొద్దున మారెక్క దొడ్డిలోనే కన్నుమూసింది. ఊరిపెద్ద దిగులుగా అన్నాడు, "ఎవరూ లేని మనిషి. పాడె మోసేదెవరు?"

ఓబులేసు తడుముకుంటూ వచ్చాడు. మారెక్క జడనుంచి ఒక తెల్ల కుచ్చు తీసి తాడు చివర ముడేశాడు.

"ఇది ఎవరిదో పోల్చుకోండి," అన్నాడు.

దూడ పోగొట్టుకున్న సుంకులమ్మ ముందుకొచ్చింది. "మాది."

"గుర్తు?"

"వచ్చినదానికి ముందు నీళ్లు పెట్టేది."

"మాది," అన్నాడు ఎద్దు దొరికినాయన. "మాది," అన్నాడు ఊరిపెద్ద. ఆ తర్వాత ఎవరు అన్నారో లెక్కలేదు, సంతంతా అంది. పాడె మోయడానికి పోటీ పడ్డారు.

ఇప్పటికీ గువ్వలదిన్నె సంతలో ఆ తాడు కడతారు. జీవం దొరికినవాళ్లు దాని కుచ్చు ముడేస్తారు, పోగొట్టుకున్నవాళ్లు తడుముతారు. చివరి ముడికి ఏటా ఊళ్లో పెద్ద ముసలమ్మ తన తెల్లజుట్టు ఇస్తుంది. ఏ కుచ్చు వెతకాలన్నా ముందు దాన్ని ముట్టుకుని "మాదే" అనాలి. ఊరుకాని ఊరి జీవం గుమ్మంలోకొస్తే, ఎవరిదని అడక్కముందే నీళ్లు పెడతారు. వీపు నిమిరి అంటారు, "నిన్నెవరో వెతుక్కుంటా ఉంటార్లే."