మేష్టారి డెక్కల తాళం

కొండవాలు కందిచేను గట్టున ఎద్దు మేష్టారి బడి మహా జోరుగా నడుస్తోంది. మేకపిల్లలైనా కుందేలుపిల్లలైనా మొదటి పాఠం ఒకటే: మేష్టారు రంకె వేయగానే ముళ్లకంచె సందులో దూరిపోవాలి. అది రానివాళ్లను చేలో మేతకు వదలరు. నక్కలు తిరిగే చోటు మరి!

కుందేలు సూరమ్మ కూతురు నీలికి మాత్రం ఆ పాఠం రాలేదు. దానికి పుట్టుకతోనే చెవుడు. మేష్టారు గొంతు బొంగురుపోయేలా అరిచినా గడ్డిపరక నములుతూ కూర్చునేది.

"ఇక దీన్ని ఇంటికి తీసుకుపోతాను మేష్టారూ," అంటూ సూరమ్మ ఓ రోజు కళ్లొత్తుకుంది.

సరిగ్గా అప్పుడే మేష్టారిని జోరీగ కుట్టింది. ఆయన కాలు నేలకేసి దబదబా కొట్టాడు. నీలి ఉలిక్కిపడి తిరిగి చూసింది! మేష్టారికి ఒళ్లు పులకరించింది. ఈసారి కావాలనే కొట్టాడు: ధిం ధిం తక! నీలి వెనకకాళ్లతో నేలను తట్టింది: ధిం ధిం తక!

"ఓసి నా తల్లీ! నీకు పాఠం కాళ్లలోంచి ఎక్కుతుందా!" అని మేష్టారు గంతులేశాడు.

ఆ రోజునుంచి బడంతా తాళమే. తక తక అంటే దగ్గరికి రా. ధిం ధిం తక అంటే కంచెలోకి దూకు. పాఠం పట్టక గడ్డిపరక నములుతూ కూర్చున్న నీలి ఇప్పుడు అందరికంటే ముందే బడికి వచ్చేది.

సంగతి నక్క చెవిన పడింది. మర్నాడే గట్టు మీదికొచ్చి పళ్లికిలించింది.

"చెవిటిపిల్లకు సంగీతమా మేష్టారూ? నాకప్పగించండి, ఇంట్లో పెట్టుకుని చదివిస్తా."

"నీ చదువు మాకు తెలుసులే," అంది సూరమ్మ.

"అయితే పరీక్ష పెడదాం. పిల్ల అటు తిరిగి కూర్చోవాలి, మేష్టారు వెనకనుంచి పిలవాలి. కంచెలో దూరిందా, మళ్లీ ఈ గట్టు తొక్కను. దూరలేదా, పిల్ల నాది. కాదంటే రేపు మా వాళ్లందరితో వస్తా!"

సూరమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. మేష్టారు మాత్రం సరేనన్నాడు.

నీలి కూర్చోగానే నక్క ఎత్తు వేసింది. "పిల్లలూ, అందరూ గట్టిగా కేకలు వేయండి!" పిలుపు గోలలో కలిసిపోవాలని దాని ఆశ. చెవిటిపిల్లకు గోలతో పనేమిటన్న ఇంగితం దానికి లేకపోయింది!

చేను దద్దరిల్లింది. నక్క లొట్టలేస్తూ గంతులేస్తోంది. మేష్టారు కాలెత్తాడు. ధిం ధిం తక! నేల నీలి పాదాలకు కబురందించింది. ఒక్క గెంతు! నీలి కంచెలో పడింది!

తను పెట్టించిన గోలలో నక్కకే ఆ చప్పుడు వినపడలేదు. తేరుకుని నీలి వెనకే కంచె మీదికి దూకేసరికి మూతినిండా ముళ్లు దిగాయి.

"అన్యాయం! మేష్టారు పిలవనే లేదు!" అని ఏడ్చింది.

"పిలిచాను నాయనా, నీకే వినపడలేదు," అన్నాడు మేష్టారు.

పిల్లకు పాఠం అందలేదంటే, అందే దారి మేష్టారికి ఇంకా దొరకలేదన్నమాట.