నూకాలమ్మ ఆగాకర తీగ

ఊ కొట్టేవాళ్ళుంటే చెబుతాను, కొట్టకపోయినా చెబుతాను. అనగనగా కొండలకీ సముద్రానికీ మధ్య ఒక చిన్న రాజ్యం. దాన్ని పుష్పకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు పువ్వంటే ప్రాణం. కాయ ఎలా కాస్తుందో మాత్రం తెలియదు. వేళకు విస్తట్లోకి వస్తుందని తెలుసు, అంతే.

ఒకనాడు ఓడ దిగి వచ్చిన వర్తకుడు రాజుగారికి ఒక ముళ్ళ మొక్కను కానుక ఇచ్చాడు. ఒకే గుత్తిలో ఎరుపు, పసుపు, గులాబీ పూలు. పన్నెండు నెలలూ పూస్తుంది. మేక ముట్టదు, ఎండకు వాడదు. జనం దాన్ని రంగుల కంప అన్నారు. రాజుగారు మురిసిపోయి చాటింపు వేయించారు.

"రాజ్యంలో ప్రతి దడీ రంగుల కంపతోనే ఉండాలి! పాత తీగలన్నీ పీకెయ్యాలి!"

అందరూ పీకేశారు. నూకాలమ్మ ఒక్కతే పీకలేదు.

ఆమె దడి మీద రెండు ఆగాకర తీగలుండేవి. ఒకటి ఆడతీగ, ఒకటి మగతీగ. రెండూ ఉంటేనే ఆగాకర కాస్తుంది. ఆ దుంపలు ఆమె అమ్మమ్మ నాటినవి. చుట్టుపక్కల తీగలన్నీ పోయాయి కనుక, ఇవి కూడా పోతే ఆ రాజ్యంలో ఇక ఆగాకర విత్తనమన్నదే ఉండదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నూకాలమ్మకు ఒళ్ళు మండిపోయేది.

మొదట తలారి అప్పన్న వచ్చాడు.

"వదినా, రాజుగారి ఆజ్ఞ. తీగ పీకెయ్యి."

"పీకను. నిరుడు ఈ కాయలే పట్టుకెళ్ళి కూర వండుకున్నావు. అప్పుడు లేని ఆజ్ఞ ఇప్పుడెక్కడిది?"

అప్పన్న తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. తిన్న కూర అతనికి బాగా గుర్తుంది మరి.

ఇంతలో వానలు పడ్డాయి. ఆగాకర విరగబూసింది. కానీ ఏం లాభం? తేనెటీగలు, సీతాకోకచిలుకలు, పొద్దు వాలాక తిరిగే రెక్కల పురుగులు, అన్నీ రంగుల కంప విందుకే వెళ్ళాయి. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు మోసేవాళ్ళే లేరు. పిందెలు పచ్చబడి రాలిపోయాయి. రాజ్యంలో పందిళ్ళ మీదున్న బీర, సొర, పొట్ల పాదులన్నింటిదీ అదే గతి. జనం మాత్రం పూలు చూసి, "ఆహా, ఎంత పచ్చగా ఉన్నాం!" అనుకుంటున్నారు. పిచ్చి జనం!

రెండోసారి మంత్రిగారే పల్లకీ ఎక్కి వచ్చారు.

"ఒక్క కాయా లేని తీగ కోసం రాజాజ్ఞనే ధిక్కరిస్తావా? పీకు!"

"పీకను. పున్నమికి రండి బాబూ, కాయ చూపిస్తాను. చూపించకపోతే నన్నూ తీగనూ కలిపి పీకెయ్యండి."

మంత్రి నవ్వాడు. "సరే. కానీ ఇదేమిటి? ఈ రెండో తీగ పుట్టాక ఒక్క కాయైనా కాసిందా?"

"అది మగతీగ బాబూ, అది కాయదు..."

"కాయనిది ఎందుకు?" అని తన చేత్తోనే పట్టుకుని లాగేశాడు. పల్లకీ వెళ్ళిపోయింది.

నూకాలమ్మ దడి దగ్గర కూలబడి బావురుమంది. కాసేపే. తరవాత కళ్ళు తుడుచుకుని, తెగిపడ్డ తీగ నుంచి మొగ్గలన్నీ ఏరి నీళ్ళ ముంతలో వేసింది. ముసురు పట్టి పురుగులు తిరగని ఏళ్ళలో అమ్మమ్మ చేసే పని ఆమెకు తెలుసు. పొద్దు వాలే వేళకు మొగ్గలు విచ్చుకున్నాయి. ఒక్కో మగపువ్వునూ తీసి, ఆడపువ్వు నడిబొడ్డుకు మెల్లగా తాకించింది.

"ఎవరూ రాకపోతే మానె! నేనున్నాను," అంది తీగతో.

తొమ్మిది పిందెలు నిలిచాయి. గాలివానకు ఆరు రాలాయి. మూడు మిగిలాయి.

పున్నమినాడు మంత్రినీ తలారినీ వెంటబెట్టుకుని రాజే వచ్చాడు. అప్పటికి నెలరోజులుగా ఆయన విస్తట్లో ఊరగాయ తప్ప మరొకటి లేదు. ఆకుల చాటున బొద్దుగా వేలాడుతున్న మూడు ఆగాకరకాయలను చూసేసరికి నోరూరింది.

"ఇది మోసం ప్రభూ, సంతలో కొని కట్టింది," అన్నాడు మంత్రి.

"ఏ సంతలో బాబూ? సంతలో కాయగూర కనబడి ఎన్నాళ్ళయింది?" అంది నూకాలమ్మ.

రాజు తొడిమలు తడిమి చూశాడు. నిజమైన కాయలే. "నువ్వే గెలిచావు. ఈ మూడూ కోసి మా వంటశాలకు పంపు."

"పంపను."

రాజు ముఖం ఎర్రబడింది. "రాజు అడిగితే లేదంటావా?"

నూకాలమ్మ తీగకు అడ్డంగా నిలబడింది. "ఇవి పండి విత్తనం కావాలి మహారాజా. ఇవాళ మీరు కూర వండించుకుంటే రేపు మీ మనవలకు ఆగాకర పేరు కూడా మిగలదు. నా తల తీయించండి, కాయ మాత్రం కోయనివ్వను."

"మా తోటలోనూ బోలెడు పూలున్నాయి. ఒక్క కాయా నిలవదు. ఎందుకు?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"పూస్తే సరిపోతుందా ప్రభూ? పుప్పొడి మోసే పురుగు రావాలి. అవన్నీ మీ కంపల దగ్గరే విందు చేసుకుంటున్నాయి. వాటి పూలు మీకు, ఆకలి మాకు."

రాజు అప్పన్న చేతిలోని కత్తి అడిగి తీసుకుని, వీధి వారనున్న రంగుల కంప మొదట్లో వేటు వేశాడు. ముళ్ళు గీసుకుని చేతులు రక్తమయ్యాయి. అది చూశాక మంత్రిగారికి కూడా చేతులు చీరుకోక తప్పలేదు.

ఆ మూడు కాయలూ తీగ మీదే పండి, పగిలి, ఎర్రటి గింజలిచ్చాయి. మరుసటి ఏడు వానాకాలానికి ఊరి దడులన్నీ పచ్చటి తీగలతో నిండాయి. రాజుగారికి అందరికంటే చివర్లో, అడిగాకే, గింజలు దక్కాయి.

నీతి: మన నేల విత్తనం పోతోందని తెలిసినప్పుడు, అడిగేవాడు రాజైనా సరే, కాదని చెప్పి నిలబడాలి.