ఖాళీగా ఉన్న పక్క బల్ల

వీరమల్లయ్య సారును ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి కండువా కొసతో తుడుచుకునేవారు. ఆ తుడవడం ఎంతసేపు సాగితే జవాబు అంత దూరం నుంచి వస్తోందని మాకు అర్థం. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన పిల్లల్ని ఏటా సిద్దిపేటలోని తన ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టి మొదటి సెమిస్టరుకు తయారుచేసేవారు. కాలిక్యులస్ కొంత, ఇంజనీరింగ్ డ్రాయింగ్ కొంత.

ఆ ఏడు మాలో సుచరిత అనే అమ్మాయి ఉండేది. ఒకనాటి ఉదయం పెన్సిల్ పక్కన పడేసి అడిగింది.

"సార్, మా కీర్తనకు కంప్యూటర్స్ వచ్చింది, నాకు సివిల్. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీలో చదివినం. ఇప్పుడు నేను పుస్తకం తెరిస్తే, అది ఏ చాప్టర్ దాకా పోయిందో అన్న ఆలోచనే. ఈ కుళ్ళు పోయినంక చదువు మొదలుపెట్టాల్నా, చదువు మొదలుపెడితే ఇదే పోతదా?"

ఎవరూ నవ్వలేదు. గదిలో అందరి దగ్గరా ఎంతో కొంత ఉన్నదే. సారు కళ్ళజోడు చాలాసేపు తుడిచి, ఈ సంగతి చెప్పారు.

చాలా ఏళ్ళ కిందట అదే గదిలో ఉపేందర్, ఇలియాస్ అని ఇద్దరు పిల్లలు చదివారు. ఒకే వీధివాళ్ళు. ఇద్దరికీ వరంగల్‌లో ఒకే కాలేజీలో మెకానికల్ వచ్చింది. ర్యాంకు ఉపేందర్‌ది మెరుగు, చెయ్యి ఇలియాస్‌ది. ఒక చెక్కదిమ్మను ఎదురుగా పెట్టి, ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి ఎలా కనిపిస్తుందో గీయమంటే, ఉపేందర్ ఇంకా కొలతలు చూసుకుంటూ ఉండగానే ఇలియాస్ షీటు మీద బొమ్మ లేచి కూర్చునేది. ఉపేందర్ తన గీత ఆపి అటే చూసేవాడు. ఇలియాస్ రబ్బరు అందుకుంటే చాలు, వీడికి ప్రాణం లేచొచ్చేది. ఒకసారి ఉపేందర్ తండ్రి వచ్చి, బల్ల మీది రెండు షీట్లూ చూసి, ఇలియాస్ షీటు మీద వేలు పెట్టి, "ఇది మావాడిదేనా సార్?" అన్నాడు. కాదని సారు చెప్పారు. "అట్లనా" అని ఊరుకున్నాడాయన. ఆ ఒక్క మాటకు ఉపేందర్‌కు అన్నం సహించలేదు.

సెమిస్టరు మొదలయ్యే ముందు, కాలేజీలో చదువుతున్న సీనియర్ ఒకడు ఉపేందర్ ఇంటికి ఫోన్ చేశాడు. కొత్తవాళ్ళకు డ్రాయింగ్‌లో వారం రోజులు ముందస్తు క్లాసులు పెడుతున్నారు, సోమవారానికల్లా రండి, ఇలియాస్‌కు కూడా చెప్పు అన్నాడు. ఇలియాస్ ఇంట్లో ఫోన్ లేదు. ఉపేందర్ ఆ సాయంత్రం ఇలియాస్‌తో కలిసి చాయ్ తాగాడు, క్రికెట్ గురించి మాట్లాడాడు, ఇంటికి వచ్చేశాడు. ఆదివారం ఒక్కడే బస్సెక్కాడు.

క్లాసులో బల్లకొకరిని కూర్చోబెట్టారు. ఉపేందర్ పక్క బల్ల ఖాళీ. తాను కోరుకున్నదీ అదే. కాని షీటు పరిచి పెన్సిల్ పట్టుకున్నాడో లేదో, కళ్ళు ఆ ఖాళీ బల్ల మీదికి పోయేవి. ఇలియాస్ ఉంటే ఇది ఈపాటికి గీసేసేవాడు. ఈ బొమ్మ వాడికీ వచ్చేది కాదేమో. వస్తే ఎట్లా వచ్చేది? లెక్చరర్ చెప్పేది చెవిని దాటి పోయేది. వారం అట్లాగే గడిచింది.

సెమిస్టరు మొదలైన రోజు ఇలియాస్ పెట్టెతో హాస్టల్ గదిలోకి వచ్చాడు. ఇలియాస్ ఏమీ అడగకముందే ఉపేందర్, "క్లాసుల సంగతి చెప్పడం మర్చిపోయినరా" అన్నాడు.

"పోనీ తియ్," అన్నాడు ఇలియాస్. "వారం రోజులు కూసున్నవ్ కదా, ఏం చెప్పిన్రో నాకు చెప్పు."

ఉపేందర్ షీటు తీసి బల్ల మీద పరిచాడు. పెన్సిల్ పట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెప్పడానికి వాడి దగ్గర ఒక్క గీత కూడా లేదు. కాసేపు తెల్లకాగితం వైపే చూసి, తల ఎత్తకుండా అన్నాడు.

"మర్చిపోలేదురా. కావాలనే చెప్పలే."

"తెలుసు."

"ఎట్ల?"

"నువ్వు పోయిన తెల్లారే మీ అమ్మ మా అమ్మీని అడిగింది, మీవాడు ఇంకా పోలేదేందని."

"మరి ఎందుకు రాలేదు?"

ఇలియాస్ పెట్టెలోంచి బట్టలు తీస్తూ, "బస్టాండ్ దాకా వచ్చిన. అక్కడికొచ్చి నిన్ను చూస్తే కొడ్తనేమో అనిపించింది. తిరిగిపోయి వారమంతా సార్ దగ్గర కూసున్న," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా వాడి రెండో చెయ్యి పిడికిలిగానే ఉందని ఉపేందర్ తర్వాత చెప్పాడు. బట్టలన్నీ సర్దినాక ఇలియాసే కుర్చీ లాక్కొచ్చి వేశాడు.

"జరుగు," అన్నాడు. "బొమ్మ నేను గియ్యను. నువ్వు గియ్, ఎక్కడ తప్పితే అక్కడ చెప్త."

సారు అక్కడ ఆపేశారు. మేమంతా ఇంకా ఏదో ఉందని ఎదురుచూస్తున్నాం. సుచరిత ఉండబట్టలేకపోయింది.

"ఉపేందర్‌కు కుళ్ళు పోయిందా సార్?"

"పోయిందని వాడు చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ రోజు హాస్టల్‌లో గీసిన షీటు తెచ్చి చూపించిండు. గీసినంతసేపూ కళ్ళు ఆ కాగితం మీదనే ఉన్నయట. నిండా తప్పులే," అన్నారు సారు. "అన్నీ వాడివే."